పదమూడేళ్ల హద్దు ఎక్కడ పడింది?

సోషల్ మీడియాకు ఏ వయసు నుంచి అనుమతించాలన్న గొడవ మళ్లీ రాజుకుంది. 2025 డిసెంబర్ 10 నుంచి ఆస్ట్రేలియాలో 16 ఏళ్ల లోపు పిల్లలకు ఖాతాలు లేవు. మరికొన్ని దేశాలూ అదే బాటలో ఆలోచిస్తున్నాయి. ఈ వయసు హద్దు కథలో అసలు మలుపు ఈ యాప్‌లేవీ పుట్టకముందే, 1998లో వచ్చింది.

ఆ ఏడాది అక్టోబర్‌లో అమెరికా పిల్లల ఆన్‌లైన్ గోప్యత రక్షణ చట్టం (కాప్పా) చేసింది. పదమూడేళ్ల లోపు పిల్లల వివరాలు సేకరించాలంటే తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలన్నది దాని సారాంశం. మొదట 16 ఏళ్ల లోపు వారందరికీ వర్తింపజేయాలనుకున్నారు. కంపెనీలు ఒప్పుకోలేదు. ఇంట్లో చెప్పుకోలేని ఆరోగ్య విషయాలు టీనేజర్లు ఎలా తెలుసుకుంటారని పౌరహక్కుల సంఘాలూ అడిగాయి. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. చివరికి రాజీ 13 దగ్గర కుదిరింది.

ఆ అంకె కంటే ఎక్కువ నష్టం చేసింది దాని పక్కనున్న నిబంధన. పిల్లల కోసమే నడిపే సైట్లు కాక మిగతావాటికి, ఫలానా వాడుకరికి పదమూడేళ్లు నిండలేదని నిజంగా తెలిస్తేనే చట్టం వర్తిస్తుంది. తెలియకపోతే బాధ్యత లేదు. ఇక తెలుసుకోవాలని ఏ కంపెనీకి ఉంటుంది? పుట్టిన తేదీ అడిగి ఊరుకున్నారు. పిల్లలు ఏదో ఒక సంవత్సరం కొట్టి లోపలికి వచ్చేశారు.

ఇది ఎంత దూరం వెళ్లిందో 2019లో బయటపడింది. అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఫిర్యాదు ప్రకారం, 6 నుంచి 11 ఏళ్ల పిల్లలను చేరడంలో టీవీ ఛానళ్ల కంటే తామే ముందున్నామని యూట్యూబ్ ఒక బొమ్మల కంపెనీకి చెప్పుకుంది. ఒక ప్రకటనల సంస్థకు మాత్రం పదమూడేళ్ల లోపు వాడుకరులే తమకు లేరంది. గూగుల్, యూట్యూబ్ 17 కోట్ల డాలర్లు కట్టి కేసు ముగించుకున్నాయి.

వయసు తనిఖీ అంటే అందరి గుర్తింపు కార్డులూ అడగాల్సి వస్తుందని, గోప్యత పోతుందని కంపెనీలు వాదిస్తాయి. కానీ బ్రిటన్ 2020లో వేరే దారి పట్టింది. పిల్లలు వాడే అవకాశమున్న ప్రతి సేవలో గోప్యత సెట్టింగులు మొదటి నుంచే గట్టిగా ఉండాలని 15 ప్రమాణాలు పెట్టి, ఏడాది గడువిచ్చింది. గడువు ముగిసేలోపే, 2021లో, టిక్‌టాక్ టీనేజర్లకు రాత్రి నోటిఫికేషన్లు ఆపింది. యూట్యూబ్ 18 ఏళ్ల లోపు వారికి ఆటోప్లే ఆఫ్ చేసింది. ఇన్నేళ్లూ చేతకాక ఆగిన పనులు కావు అవి.

ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీ కూడా అదే ఏడాది, 28 దేశాల్లో 700 మందికి పైగా పిల్లల మాట విన్నాక, బాలల హక్కులు ఆన్‌లైన్‌లోనూ పూర్తిగా వర్తిస్తాయని తేల్చింది. రక్షణతో పాటు సమాచారం, ఆట, మాట్లాడే స్వేచ్ఛ కూడా అందులో ఉన్నాయి. నిషేధం కోరేవారి జాబితాలో ఈ మూడూ సాధారణంగా కనిపించవు.

ఆస్ట్రేలియా చట్టంలో ఒక మంచి మార్పు ఉంది. శిక్ష పిల్లలకో తల్లిదండ్రులకో పడదు. తగిన చర్యలు తీసుకోని కంపెనీకి 4.95 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల దాకా జరిమానా. తెలియదంటే ఇక కుదరదు. అయితే 16 నిండిన పిల్లల ముందుకు ఆ యాప్ ఏ రూపంలో రావాలన్నది ఈ చట్టం అడగదు. దానికోసం కంపెనీలపై ప్రత్యేక బాధ్యత పెడతామని అక్కడి ప్రభుత్వం 2024 నవంబర్‌లో ప్రకటించింది.