పిక్టన్ విగ్రహం వెనక లూయిసా కాల్డెరాన్

వేల్స్‌లోని కార్డిఫ్ సిటీ హాలులో ఉన్న బ్రిటిష్ జనరల్ థామస్ పిక్టన్ పాలరాతి విగ్రహాన్ని 2020 జూలైలో నగర కౌన్సిల్ తీర్మానం తర్వాత కనబడకుండా మూసేశారు. అప్పటి నుంచి, ట్రినిడాడ్ పాలకుడిగా క్రూరంగా ప్రవర్తించిన వాడికి విగ్రహం ఉండాలా అన్న చర్చ ఎప్పుడు రాజుకున్నా ఒకే అభ్యంతరం ముందుకొస్తోంది: రెండు వందల ఏళ్ళ కిందటి మనిషిని ఈనాటి విలువలతో తూచడం న్యాయమా అని. నెపోలియన్ సేనలతో పోరులో స్పెయిన్‌లోని బదహోస్ కోట ముట్టడి, వాటర్లూలో కణతకు తూటా తగిలి ఒరిగిపోవడం పదే పదే చెప్పుకున్నవే కాబట్టి, ఇక్కడ కరీబియన్ దీవి ట్రినిడాడ్ సంగతే చూద్దాం.

1797లో స్పెయిన్ నుంచి ఆ దీవిని గెలిచిన బ్రిటిష్ సేన పాలనను పిక్టన్‌కు అప్పగించి, స్పానిష్ చట్టాలనే కొనసాగించింది. 1801 డిసెంబరులో పెద్రో రూయిజ్ అనే వ్యాపారి ఇంట్లో సొమ్ము పోయింది. ఆ ఇంట్లో ఉంటున్న లూయిసా కాల్డెరాన్ అనే పిల్లను పట్టుకెళ్ళారు. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళని ఆమె పక్షంవారు చెప్పారు. నేరం ఒప్పుకోకపోవడంతో మేజిస్ట్రేట్ చిత్రహింసకు అనుమతి అడగగా, పిక్టన్ ఒక్క వాక్యంలో ఆజ్ఞ రాసి సంతకం పెట్టాడు. మణికట్టుకు తాడు కట్టి కప్పీ మీదుగా పైకి లాగితే, ఒంటి బరువంతా నేలలో పాతిన కొయ్య మేకు మీద ఆనిన ఒక్క పాదం మీద పడింది. మొదటి రోజు అలా దాదాపు గంటసేపు నిలబెట్టారు, మర్నాడు మళ్ళీ అదే చేశారు. ఆపైన నెలల తరబడి చెరలో ఉంచారు.

1803లో కమిషనర్‌గా వచ్చిన కర్నల్ విలియం ఫుల్లర్టన్ (1783లో టిప్పు సుల్తాను సేనల నుంచి పాలక్కాడు, కోయంబత్తూరు పట్టుకున్నది ఈయనే) ఈ కాగితాలను వెలికి తీసి, లూయిసాను లండన్ తీసుకెళ్ళాడు. 1806 ఫిబ్రవరి 24న కింగ్స్ బెంచ్ న్యాయస్థానంలో ప్రాసిక్యూషన్ న్యాయవాది విలియం గారో ఆ హింస ఎలా సాగిందో బొమ్మ గీయించి జూరీకి చూపించాడు. జూరీ పిక్టన్‌ను దోషి అంది. ఆ జూరీలో కూర్చున్నవాళ్ళు పిక్టన్ కాలపు ఇంగ్లండువాళ్ళే కనుక, ఈనాటి విలువలను అతనిపై రుద్దుతున్నారన్న వాదనకు బలం లేదు.

స్పానిష్ చట్టం అలాంటి హింసను అనుమతించిందనీ, 1808లో జరిగిన రెండో విచారణలో జూరీ ఆ మాట ఒప్పుకుని, దురుద్దేశం కనబడలేదని కూడా చెప్పిందనీ పిక్టన్ అభిమానులు గుర్తుచేస్తారు. అది నిజమే. కానీ న్యాయమూర్తులు తుది తీర్పు ఇవ్వనేలేదు. శిక్షా పడలేదు, నిర్దోషి అన్న ప్రకటనా రాలేదు. కేసు అలా తేలకుండానే 1810లో నెపోలియన్ సేనలతో పోరాడుతున్న బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ కింద మూడో డివిజన్ అతని చేతికొచ్చింది, కీర్తి అంతా ఆ తర్వాతదే. 1859లో అతని అవశేషాలను లండన్‌లోని సెయింట్ పాల్స్ కేథడ్రల్‌కు తరలించారు, 1916లో బ్రిటిష్ రాజకీయ నాయకుడు లాయిడ్ జార్జ్ కార్డిఫ్‌లోని విగ్రహాన్ని ఆవిష్కరించాడు.

అదే నగరంలోని జాతీయ మ్యూజియం 2021లో గోడ మీది నుంచి దించిన పిక్టన్ చిత్రపటాన్ని, 2022లో ట్రినిడాడ్ మూలాలున్న కళాకారుల కృతులతో కలిపి, లూయిసా కథను ముందుంచి మళ్ళీ ప్రదర్శించింది.