సూపర్‌మ్యాన్‌ను 130 డాలర్లకు కొన్నాక

అమెరికా కామిక్స్‌లో బొమ్మ గీసినవాడికీ దాన్ని అమ్ముకున్నవాడికీ మధ్య గొడవ 1938 నుంచీ ఉంది. ఆ ఏడాది మార్చిలో 23 ఏళ్ల జెర్రీ సీగల్, జో షుస్టర్ 130 డాలర్ల చెక్కు తీసుకుని సూపర్‌మ్యాన్ హక్కులన్నీ ప్రచురణ సంస్థకు రాసిచ్చేశారు. 1947లో కోర్టుకెక్కినా పాత్ర తిరిగి దక్కలేదు. పైగా పుస్తకాల మీద వాళ్ల పేర్లు కూడా తీసేశారు. 1975 నాటికి షుస్టర్‌కు చూపు దాదాపు పోయింది. సినిమా రాబోతున్న ఆ సమయంలో విషయం పత్రికల్లో రచ్చయ్యాకే, ఆ ప్రచురణ సంస్థకు అప్పటి యజమాని అయిన వార్నర్ సంస్థ చెరో 20 వేల డాలర్ల వార్షిక పింఛను ఇచ్చి, పేర్లు మళ్లీ వేయడానికి ఒప్పుకుంది.

నష్టం ఆ ఇద్దరితోనే ఆగలేదు, పాఠకులకూ జరిగింది. 1954లో అమ్మకాలు పోతాయన్న భయంతో ప్రచురణకర్తలు తమకు తామే ఒక నియమావళి రాసుకున్నారు. పోలీసుల మీద, జడ్జీల మీద గౌరవం తగ్గేలా ఏదీ చూపకూడదు. రక్తపిశాచాలు, నడిచే శవాలు నిషేధం. పెద్దవాళ్లు చదవదగ్గ కామిక్స్ చాలాకాలం పెద్ద కంపెనీల బయటే పుట్టాల్సి వచ్చింది. 1984లో కెవిన్ ఈస్ట్‌మన్, పీటర్ లెయిర్డ్ సొంత డబ్బుకు కొంత అప్పు కలిపి 3 వేల కాపీలు వేసుకున్నారు. మన పిల్లలూ టీవీలో చూసిన నింజా టర్టిల్స్ అలా మొదలైనవే.

ఇక కంపెనీలు లాభం కోసం ఏం చేశాయో 1991 చెబుతుంది. మార్వెల్ కొత్త ‘ఎక్స్-మెన్’ మొదటి సంచికను ఐదు రకాల కవర్లతో వేసి, షాపులకు 80 లక్షలకు పైగా కాపీలు అమ్మింది. ఒకే కథను ఒకే పాఠకుడి చేత ఐదుసార్లు కొనిపించే పద్ధతి ఇది. దీన్ని వ్యాపార తెలివి అనడానికి నాకు మనసొప్పదు. ఆ ఊపు ఎంతోకాలం నిలవలేదు, 1996 డిసెంబరులో మార్వెల్ దివాలా పిటిషన్ వేసింది.

అంతకుముందే, 1992లో, ఆ సంస్థకు బాగా అమ్ముడుపోయే బొమ్మలు గీసిన ఏడుగురు బయటికొచ్చి ఇమేజ్ కామిక్స్ పెట్టారు. పాత్ర హక్కు సృష్టించినవారిదే అన్నది వాళ్ల షరతు. వాళ్లలో టాడ్ మెక్‌ఫార్లేన్ హైస్కూల్ రోజుల్లో ఊహించుకున్న ‘స్పాన్’ అనే పాత్రను మార్వెల్‌కు ఇవ్వకుండా అట్టేపెట్టుకున్నాడు. తన సొంత సంస్థ రాగానే దాన్ని బయటికి తీశాడు. తనది కాకుండా పోతుందని తెలిస్తే మంచి ఊహను ఎవరు మాత్రం ఇస్తారు?

అదే ఇమేజ్ నుంచి 2003లో ‘ది వాకింగ్ డెడ్’ వచ్చింది. దాని మీద టీవీ సీరియల్ కూడా నడుస్తుండగానే, 2019లో రచయిత రాబర్ట్ కిర్క్‌మన్ ముందుగా ప్రకటించకుండా 193వ సంచికతో కామిక్‌ను ముగించేశాడు. కథ అయిపోయిందని అతనికి అనిపించింది, ఆపొద్దని చెప్పే యజమాని లేడు.