గుండె కవాటం చేసినవాళ్ల చదువు

అనంతపురం

చిరంజీవులైన మనవరాలికి, మనవడికి అవ్వ ఆశీస్సులు.

ఎంపీసీనా, బైపీసీనా అని ఇంట్లో ఒకటే వాదనంట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. బయోమెడికల్ ఇంజనీరింగులో, అంటే వైద్యానికి పనికొచ్చే పరికరాలు తయారుచేసే విద్యలో, పరిశోధన చేసేవాళ్లు ఏం చదువుకుని ఉంటారని అడిగినావంట, అమ్మాయీ. ఉత్త డిగ్రీల పేర్లు చెప్తే నీకేం తెలుస్తుంది? తిరువనంతపురంలోని శ్రీ చిత్ర వైద్య పరిశోధన సంస్థలో గుండె కవాటం, అంటే రక్తాన్ని ఒకవైపుకే పోనిచ్చే తలుపులాంటిది, ఎట్లా తయారైందో చెప్తా, విను.

పిల్లల్లో కొన్నిరకాల గొంతునొప్పికి మందు వాడకపోతే రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలు చెడిపోవచ్చు. మార్చాలంటే అప్పట్లో కవాటం విదేశాల నుంచి రావాల్సిందే. పేదింటివాళ్లు ఎక్కడ కొనగలరు? ఆ సంస్థను నడిపిన డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్ తిరువనంతపురంలో వైద్యం చదివి, లివర్‌పూల్‌లో సర్జరీ నేర్చుకుని, అమెరికాలో జాన్స్ హాప్కిన్స్‌లో తర్ఫీదు పొందినాయన. అంత చదివినా లోహాల సంగతి సర్జన్ ఒక్కడి వల్ల తేలేది కాదు. జి.ఎస్. భువనేశ్వర్ వంటి ఇంజనీర్లతో కలిసి ఏళ్ల తరబడి పనిచేశారు.

నిమిషానికి 72 సార్లంటే గుండె రోజుకు లక్షకు పైగా కొట్టుకుంటుంది. అన్నిసార్లూ కవాటంలోని ఆ చిన్న బిళ్ల తెరుచుకుని మూసుకోవాలి, అరగకూడదు, దానిమీద రక్తం గడ్డకట్టకూడదు. మొదటి నమూనాలో అతుకు విరిగింది. రెండోదాంట్లో లోహం అరిగింది. మూడోదాంట్లో కృత్రిమ నీలమణితో చేసిన బిళ్లే పగిలింది. అంత గట్టి రాయి! చివరికి నిలబడింది పాలిథిలీన్ బిళ్ల, అంటే ఒకరకం ప్లాస్టిక్. దాని చుట్టూ కోబాల్ట్, క్రోమియం కలిసిన మిశ్రమలోహపు చట్రం. గొర్రెలకు పెట్టి చూసినాకే, 1990 డిసెంబరులో మొదటిసారి మనిషికి అమర్చారు.

అతుకు ఎందుకు విరిగిందో ఫిజిక్సు చెప్తుంది, రక్తం ఎందుకు గడ్డకడుతుందో బయాలజీ చెప్తుంది. ఈ రెండు భాషలూ వచ్చినవాళ్లే ఈ పనికి కావాలి. అందుకే నా మాట ఇది: ఎంపీసీ తీసుకో, జీవశాస్త్రం మాత్రం వదలొద్దు. మన జేఎన్‌టీయూలో మెకానికల్ గానీ ఎలక్ట్రానిక్స్ గానీ చదివి, ఎంటెక్ ప్రవేశానికి పెట్టే గేట్ పరీక్ష రాసి, ఐఐటీ హైదరాబాదులో బయోమెడికల్ విభాగానికి పోవచ్చు. పీహెచ్‌డీ అంటే ఒకే సమస్యతో ఏళ్లకేళ్లు కాపురం, దానికి ఓపిక కావాలి. విశాఖలో మెడ్‌టెక్ జోన్ వచ్చినాక వైద్య పరికరాల పని మన రాష్ట్రంలోనే దొరుకుతోంది.

సెలవుల్లో వచ్చినప్పుడు పెద్దాసుపత్రిలో వెంటిలేటర్లు, మానిటర్లు బాగుచేసేవాళ్లతో మాట్లాడిస్తా. అడగాల్సినవి కాగితం మీద రాసుకుని రా. తమ్ముణ్ణి కూడా తీసుకురా.

ఇట్లు,
మీ అవ్వ