డెత్ కార్డు పడితే ఎవరూ పోరు: టారోపై అపోహలు, వాస్తవాలు

నేను టారో కార్డులు పరిచి చదివే రీడర్‌ని. నాకు వచ్చే మెసేజ్‌లలో ఎక్కువ భాగం ఒకేలా ఉంటాయి. ముందు ఒక కార్డు ఫోటో వస్తుంది. తెల్ల గుర్రం మీద నల్ల కవచం తొడుక్కున్న అస్థిపంజరం. దాని వెనకే ప్రశ్న: "మేడమ్, ఇంట్లో ఎవరికైనా ఏమైనా అవుతుందా?"

ఏమీ అవదు. ముందు ఈ మాట చెప్పాకే మిగతావి మాట్లాడతాను, ఎందుకంటే అడిగేవాళ్లు అప్పటికే రెండు రాత్రులు నిద్ర లేకుండా ఉంటారు.

అపోహ: డెత్ కార్డు వచ్చిందంటే చావు కబురే.

78 కార్డుల డెక్‌లో అది ఎప్పుడూ ఉంటుంది. ఉన్నది కాబట్టి అప్పుడప్పుడూ పడుతుంది. సెల్టిక్ క్రాస్ అనే అమరికలో పది కార్డులు పరిస్తే, సుమారు ఎనిమిది మందిలో ఒకరికి డెత్ వస్తుంది. జనం హడలిపోయే డెత్, డెవిల్, టవర్ మూడింటినీ కలిపి లెక్కేస్తే, కనీసం ఒకటైనా పడే అవకాశం 34 శాతం. అంటే నా ఎదుట కూర్చునే ప్రతి ముగ్గురిలో ఒకరికి 'భయంకరమైన' కార్డు రావడం మామూలే. ఇలా వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు పోవాలంటే రీడర్ల దగ్గరికి వచ్చేవాళ్లే మిగలరు.

మేం ఆ కార్డును చదివేది ఒక దశ ముగిసిందని: ఉద్యోగం కావచ్చు, ఒక సంబంధం కావచ్చు, పాత పంతం కావచ్చు. అందరూ ఎక్కువగా చూసే రైడర్-వెయిట్ డెక్‌లో ఆ బొమ్మను ఒకసారి చివరిదాకా చూడండి. కింద పడిన రాజు, ఎదురుగా నిలబడ్డ బిషప్, మోకరిల్లిన చిన్నారి, వెనక రెండు బురుజుల మధ్య సూర్యుడు. ఫోటో పంపినవాళ్లలో సూర్యుడి గురించి అడిగినవాళ్లు నాకు ఇంతవరకూ తగల్లేదు.

భయం ఒక్కటే అయితే ఇంత గట్టిగా రాయను. అసలు నష్టం ఆ తర్వాత మొదలవుతుంది. మోసగాళ్ల దగ్గర మొదటి రీడింగ్ ఉచితం, లేదా దాదాపు ఉచితం. అందులో 'చెడ్డ' కార్డు పడుతుంది (పడే అవకాశం ఎంతో పైన చెప్పాను). "మీ మీద ఎవరో ఏదో చేయించారు, ఇది తీసేయాలి, ఎవరికీ చెప్పకండి, చెబితే పనిచేయదు" అంటారు. చిన్న మొత్తంతో మొదలై, "ఇంకా పూర్తిగా పోలేదు" అంటూ పెద్ద మొత్తానికి వెళుతుంది. ఎవరికీ చెప్పొద్దనడం ఎందుకో తెలుసా? చెబితే ఇంట్లో ఎవరో ఒకరు ఆపుతారు.

కొడుకు దూర ప్రయాణానికి ముందు ఇలాగే చిక్కుకున్న ఒకావిడ నా దగ్గరికొచ్చారు. దాచుకున్నదంతా ఇచ్చేశారు. పరిహారం పనిచేసిందో లేదో కార్డుల్లో చూసి చెప్పమని ఆవిడ కోరిక. నేను రీడింగ్ చేయలేదు. డెక్ మొత్తం బొమ్మలు పైకి ఉండేలా టేబుల్ మీద పరిచి, డెత్ ఎక్కడుందో ఆవిడనే వెతకమన్నాను. దొరికింది. "ప్రతి డెక్‌లోనూ ఉంటుందమ్మా, అచ్చేసేవాళ్లే పెట్టి పంపుతారు" అన్నాను. చాలాసేపు దాన్నే చూసి, "మరి నాకే ఎందుకొచ్చింది?" అన్నారు. ఇందాక మీకు చెప్పిన లెక్కే ఆవిడకూ కాగితం మీద వేసి చూపించాను. డబ్బు తిరిగి రాలేదు గానీ, మళ్లీ ఇవ్వడం మాత్రం ఆగింది.

కాబట్టి కార్డు చూపించి పరిహారం అన్నవాళ్ల దగ్గర రెండో నిమిషం కూర్చోకండి. అలాగే, డాక్టర్ దగ్గరికి వెళ్లాలా వద్దా అని అడిగేవాళ్లకు నేను కార్డు తీయను. వెళ్లండి.

అపోహ: టారో ప్రాచీన ఈజిప్టు పూజారుల రహస్య విద్య.

ఇది పేకాట. 1440ల నాటికే ఉత్తర ఇటలీలో, మిలాన్, ఫెర్రారా ప్రభువుల కొలువుల్లో ఆడేవారు. మామూలు పేకకు 22 తురుపు ముక్కలు చేర్చి ఆడిన ఆట. ఫ్రాన్స్‌లో, ఆస్ట్రియాలో ఇప్పటికీ ఆడుతున్నారు. ఈజిప్టు కథను 1781లో కోర్ట్ ద జెబెలాఁ అనే ఫ్రెంచి పాస్టర్ అచ్చులోకి ఎక్కించాడు. అప్పటికి ఈజిప్టు చిత్రలిపి చదవగలిగినవాడు ఒక్కడూ లేడు. ఫ్రెంచి పండితుడు షాంపోలియన్ ఆ గుట్టు విప్పింది 1822లో. తమాషా ఏమిటంటే, కప్పులు, కత్తులు, నాణేలు, కర్రలు అనే నాలుగు రంగులు (మన పేకలో ఆటీను, ఇస్పేటు లాంటివి) నిజంగానే మామ్లూక్ సుల్తానుల కాలం నాటి ఈజిప్టు పేకముక్కల నుంచి 14వ శతాబ్దంలో యూరప్ చేరాయి. కానీ పూజారులు ఫారోల కాలం వాళ్లు, ఈ ముక్కలు సుల్తానుల కాలం నాటివి. టారోతో జోస్యం చెప్పడం మీద పుస్తకం రాసి, దాన్నే వృత్తి చేసుకున్నవాడు ఎట్టెయిల్లా అనే ఫ్రెంచివాడు, పుస్తకం వచ్చింది 1785లో.

ఇప్పుడు అందరి చేతుల్లో ఉన్న బొమ్మలు ఇంకా కొత్తవి. 1909లో లండన్‌లో పమేలా కోల్‌మన్ స్మిత్ గీశారు. చాలా పెద్ద పని, డబ్బు మాత్రం చాలా తక్కువ అని ఆమే ఒక ఉత్తరంలో రాసుకున్నారు. రైడర్-వెయిట్ అనే డెక్ పేరులో ప్రచురణకర్త రైడర్ ఉన్నాడు, గీయించిన వెయిట్ ఉన్నాడు, గీసిన మనిషి చాలాకాలం లేదు. ఇది నాకు ఇప్పటికీ మండుతుంది.

మిగతావి గబగబా. మొదటి డెక్ ఎవరైనా బహుమతిగా ఇవ్వాలట. నాది నేనే కొనుక్కున్నాను. వేరేవాళ్లు ముట్టుకుంటే శక్తి పోతుందట. నేను క్లయింట్ల చేతే కలిపిస్తాను. తలకిందులుగా పడితే అన్నీ చెడేనా? చాలామంది రీడర్లు తలకిందుల అర్థాలే చూడరు.

ఒరాకిల్ కార్డులు, టారో ఒకటే అనుకునేవాళ్లూ ఉన్నారు. టారోకు 78 అనే లెక్క, దానికో అమరిక ఉన్నాయి. ఒరాకిల్‌కు అవేమీ లేవు, తయారుచేసినవాళ్ల ఇష్టం. 36 కార్డుల లెనార్మాండ్ ఈ రెంటికీ వేరు. అది న్యూరెంబర్గ్‌లో 1799 ప్రాంతంలో వచ్చిన ఒక కాలక్షేపపు ఆట నుంచి పుట్టింది. పారిస్ జోస్యురాలు లెనార్మాండ్ పేరు ఆమె 1843లో చనిపోయాక తగిలించారు.

"మరి మీరు కార్డులతో చేసేదేమిటి?" అని అడుగుతారు. ఒక బొమ్మ ముందు పెట్టి, ఇందులో మీకేం కనిపిస్తోందో చెప్పమంటాను. మనసులో నలుగుతున్నది బొమ్మ మీదుగా బయటికొస్తుంది. "అతను ఫోన్ చేస్తాడా?" అన్న ప్రశ్నకు కార్డుల దగ్గర జవాబు లేదు. "ఆ ఫోన్ కోసం చూస్తూ నేనేం వాయిదా వేస్తున్నాను?" అని అడిగితే గంటసేపు మాట్లాడుకోవచ్చు. అదే ప్రశ్నతో వారంలో మూడోసారి వచ్చినవాళ్లకు మాత్రం డెక్ తీయను, ఫీజూ తీసుకోను. టెన్షన్ అంతగా ఉంటే కౌన్సెలర్‌ను కలవమని చెప్పి పంపిస్తాను.