స్టెన్సిల్ అక్షరం ఎవరి సొత్తు? తగవు మూలం 1937లో

‘కారు దొంగిలించరు కదా’ అని జనాన్ని నిలదీసిన పైరసీ వ్యతిరేక ప్రచారంలోనే నకలు ఫాంట్ దొరకడంతో, అక్షరాల మీద హక్కు ఎవరిదన్న పాత తగవు 2025 ఏప్రిల్‌లో మళ్లీ రాజుకుంది. ఆ ప్రచార సైట్‌లోని 2005 నాటి పీడీఎఫ్‌ను పరిశీలిస్తే లోపల ఎక్స్‌బ్యాండ్ రఫ్ అనే ఫాంట్ కనిపించింది. 1992లో డిజైనర్ జస్ట్ వాన్ రోసమ్ చేసిన ఎఫ్‌ఎఫ్ కాన్ఫిడెన్షియల్ ఫాంట్‌కు అది నకలు. కాన్ఫిడెన్షియల్‌ది రబ్బరు స్టాంపు వాలకం. దాంతో పాటే వచ్చిన ఫ్లైట్‌కేస్, కార్టన్ ఫాంట్లు మాత్రం అసలు సిసలు స్టెన్సిళ్లు, అంటే అక్షరం కోసిన రేకు మీద రంగు కొడితే పడే రూపాలు. పెట్టెల మీద కనిపించే అక్షరాలను ఎవరైనా ‘నావి’ అనొచ్చా?

రేకు పెట్టి రంగు కొట్టడం, సైన్యం సామాన్లు, సరుకు పెట్టెలు... ఆ కథ అందరికీ తెలిసిందే. అసలు మలుపు 1937. ఆ జూన్‌లో అచ్చు అక్షరాల సంస్థ లడ్లో కోసం ఆర్. హంటర్ మిడిల్టన్ గీసిన టైప్‌ఫేస్ (ఒకే తీరు అక్షరాల రూపం) వచ్చింది. మరుసటి నెలలోనే అమెరికన్ టైప్ ఫౌండర్స్ అనే మరో సంస్థ జెర్రీ పావెల్ గీసిన దానికి ప్రకటనలు ఇచ్చింది. రెండింటి పేరూ స్టెన్సిలే! రెండింటిలోనూ పెద్దక్షరాలే, లావుపాటి గీతలే, గుండ్రటి అంచులే. ఒకరిది చూసి మరొకరు కాపీ కొట్టారా అంటే, నాకైతే అలా అనిపించదు. అచ్చుకు వాడే సీసపు టైపు గీసి, పోతపోసి అమ్మకానికి పెట్టడం నెలలో అయ్యే పని కాదు. ఇద్దరూ చూసింది పెట్టెలనే.

‘చూశారా, అది ఎవరిదీ కాదు’ అనేవారు ఇక్కడే ఆగిపోతారు. ఇంకాస్త దగ్గరగా చూడాలి. రేకులో ఇంగ్లిష్ ‘ఓ’ను పూర్తిగా కోస్తే మధ్య ముక్క ఊడిపోతుంది. అందుకే పైనా కిందా సన్నటి పట్టీ వదిలేస్తారు. సీసపు టైపుకు ఆ అవసరమే లేదు. అయినా ఇద్దరూ ఆ ఖాళీలు పెట్టారు. ఎటూ మూసుకోని, ముక్క ఊడే భయంలేని ‘సీ’లోనూ పావెల్ చీలిక పెట్టాడు. అంటే చీలిక ఎక్కడ ఉండాలి, ఎంత వెడల్పుండాలి అన్నది రేకు చెప్పేది పోయి మనిషి నిర్ణయించేది అయింది. దాన్ని డిజైన్ అనక ఇంకేమంటాం? ఇప్పుడు మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌తో వచ్చే స్టెన్సిల్‌లో కనిపించేవి ఆ పావెల్ నిర్ణయాలే.

అమెరికా చట్టం మాత్రం వినలేదు. ఎల్ట్రా వర్సెస్ రింగర్ కేసులో 1978లో అప్పీల్ కోర్టు టైప్‌ఫేస్ రూపానికి కాపీరైట్ ఉండదని తేల్చింది. రూపానికి హక్కు ఇస్తే అచ్చుపని చేసేవాళ్లంతా ఇరుక్కుంటారన్న వాదన కూడా ఉంది, కొట్టిపారేయలేం. తర్వాత ఫాంట్ కంప్యూటర్ ఫైలయ్యాక లెక్క కొంత మారింది. 1998లో అడోబ్ వర్సెస్ సదరన్ సాఫ్ట్‌వేర్ కేసులో, అక్షరం అంచును ఫైల్‌లో గీయడానికి దాని మీద ఏ బిందువులు ఎంచుకోవాలన్నదీ సృజనే అని కోర్టు ఒప్పుకుంది. రూపం అందరిదీ, ఫైల్ మాత్రం చేసినవాడిది! ‘ఓ’ చీలికను చూసి ఎవరైనా మళ్లీ గీసుకోవచ్చు. అదే చీలిక అంచు మీది బిందువులను ఎత్తుకెళ్తే మాత్రం కేసు.

ఇంతా చేసి, తన ఫాంట్ నకలు ఆ ప్రచారంలో తేలిందని తెలిసిన వాన్ రోసమ్ కేసు మాట ఎత్తలేదు, నవ్వుకున్నారు.