పాత కారు పునరుద్ధరణ: అపోహలు - వాస్తవాలు

పాత కార్లు బాగుచేయడం నాకు ఉద్యోగం కాదు, ఏళ్ల తరబడి సెలవు రోజులన్నీ తినేసిన ఇష్టం. ఇప్పుడు షెడ్డులో ఉన్నది మోరిస్ మైనర్ 1000 అనే పాతకాలపు చిన్న బ్రిటిష్ కారు, 948 సీసీ ఇంజిన్‌ది. బండి చూడటానికి వచ్చేవాళ్లంతా ప్రేమగా ఏదో ఒక సలహా ఇచ్చి వెళ్తారు. వాటిలో కొన్ని ఒకరి నోటి నుంచి ఒకరి నోటికి పాకుతూ వచ్చినవే తప్ప, బండి కింద పడుకుని చూసి చెప్పినవి కావు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు అవి నమ్మి డబ్బూ ఓపికా పోగొట్టుకుంటున్నారు. ఒక్కోసారి బండినే వదిలేసుకుంటున్నారు. అందుకే ఇది రాస్తున్నాను. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటే: ఏ పార్టైనా మార్చే ముందు కొలిచి చూడండి.

అపోహ: పెయింట్ మెరుస్తోందంటే బాడీ బాగున్నట్టే.

వాస్తవం: పాత కారులో పెయింట్ అన్నిటికంటే తక్కువ సమాచారం ఇచ్చే భాగం. నేను బండి చూడటానికి వెళ్తే మూడు వస్తువులు పట్టుకెళ్తాను: టార్చి, పలుచటి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం, ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్. తలుపు కింద పొడవునా పెట్టెలాగా ఉండే రేకును సిల్ అంటారు. అయస్కాంతాన్ని దాని మీద మెల్లగా జరుపుకుంటూ పోతే ఒకచోట పట్టు వదిలేస్తుంది. అక్కడ రేకు లేదు, పుట్టీ ఉంది. స్క్రూడ్రైవర్ పిడితో తడితే గట్టి రేకు ఖంగుమంటుంది, పుట్టీ బొద్దుగా, మూగగా పలుకుతుంది. మైనర్ కొన్నాక ఎడమవైపు వెనక చక్రం దగ్గర అలాంటి చోటు గీకి చూశాను. వేలు మందాన పుట్టీ, దాని వెనక ఇనుప జాలీ, జాలీ వెనక ఖాళీ. పైన పెయింట్ మాత్రం అద్దంలా ఉంది.

పుట్టీ చెడ్డదని కాదు. రెండు మూడు మిల్లీమీటర్ల లోపు, గట్టి రేకు మీద, సొట్టలు సరిచేయడానికి అది మంచి వస్తువే. కానీ తేమ పీల్చుకునే గుణం దానికుంది. రంధ్రం మూయడానికి వాడితే లోపల తుప్పుకు మనమే నీళ్లు పోసినట్టు.

సిల్ కోసే ముందు ఇంకో మాట. మైనర్ లాంటి కార్లకు విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే బరువు మోస్తుంది. సిల్ కోశామంటే వెన్నెముక కోసినట్టే. నా మొదటి బండికి ఈ తప్పు చేశాను. ముందూ వెనకా రెండే స్టాండ్ల జతల మీద పెట్టి, తలుపులు తీసేసి, తుప్పు పట్టిన సిల్ కోసి కొత్తది వెల్డింగ్ చేశాను. తలుపు తిరిగి బిగిస్తే పైన స్తంభానికి రాసుకుంటోంది, కింద వేలు దూరేంత సందు. మధ్యలో బాడీ కుంగిన స్థితిలోనే దాన్ని అతికించేశాను. మళ్లీ కోసి మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. ఇప్పుడైతే తలుపు సందులు నాలుగు చోట్ల కొలిచి రాసుకుంటాను, తలుపు ఖాళీలో అడ్డంగా ఇనుప కడ్డీలు అతికిస్తాను, ఆ తర్వాతే కటింగ్ డిస్క్ ముట్టుకుంటాను.

అపోహ: తుప్పు మీద రస్ట్ కన్వర్టర్ పూస్తే సమస్య తీరిపోతుంది.

వాస్తవం: అందులో ఉండే ఫాస్ఫారిక్ లేదా టానిక్ ఆమ్లం పైపొర తుప్పును స్థిరమైన నల్లని పొరగా మారుస్తుంది. అది పట్టుకున్నంత లోతుకే పని చేస్తుంది. పొరలుగా ఊడే తుప్పుకూ, రెండు రేకుల అతుకు మధ్య దాగిన తుప్పుకూ అది చేరదు. అలాంటి చోట కోసి కొత్త రేకు వేయడమే దారి. పని అయ్యాక పెట్టె భాగాల లోపల మైనం స్ప్రే చేయండి. బయట పెయింట్ కంటే అదే ఎక్కువ కాలం కాపాడుతుంది.

చిన్న బ్రాకెట్లకు మాత్రం ఎలక్ట్రోలసిస్, అంటే నీళ్లలో కరెంటు పంపి తుప్పు వదిలించడం, చాలా బాగుంటుంది: వాషింగ్ సోడా నీళ్లు, బ్యాటరీ ఛార్జర్, పారేయదగ్గ మామూలు ఇనుప ముక్క చాలు. ఆ ముక్క స్టెయిన్‌లెస్ స్టీల్‌ది వాడొద్దు. నీళ్లలోకి విషపూరితమైన క్రోమియం దిగుతుంది. హైడ్రోజన్ కూడా వస్తుంది కాబట్టి గాలి ఆడే చోటే చేయాలి. స్ప్రింగులు, గట్టి స్టీలు బోల్టులు ఆ తొట్టిలో వేయకండి, పెళుసెక్కుతాయి.

అపోహ: మొత్తం ఒకేసారి విప్పేస్తే పని సులువు.

వాస్తవం: అమ్మకానికి వచ్చే సగం చేసిన కార్లను చూడండి. చాలావాటి కథ ఒకటే: విప్పేటప్పుడు ఉత్సాహం, ఆర్నెల్ల తర్వాత ఏ బోల్టు ఎక్కడిదో తెలియదు. బాడీకి పెద్ద వెల్డింగ్ లేకపోతే ఒక్కో వ్యవస్థ చొప్పున చేయండి. బ్రేకులు పూర్తయ్యాకే స్టీరింగ్. ప్రతి బోల్టూ విప్పే ముందు ఫోటో, విప్పాక కవరు, కవరు మీద పేరు. వైరు పీకే ముందు రెండు చివరలకూ చీటీ.

అపోహ: ఇంజిన్ అదురుతూ ఆగిపోతోందంటే కార్బొరేటరే కారణం.

వాస్తవం: పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు అందించే కార్బొరేటర్ కంటికి కనిపిస్తుంది, స్క్రూలు అందుతాయి, అందుకే అందరి చేతులూ ముందు దాని మీదికే పోతాయి. నిజానికి కార్బొరేటర్ జబ్బులని మనం అనుకునేవాటిలో చాలావరకు ఇగ్నిషన్‌వే, అంటే స్పార్క్ పుట్టించే వ్యవస్థవే. ఒక మిత్రుడి కారు ఇరవై నిమిషాలు చక్కగా నడిచి, వేడెక్కగానే చచ్చిపోయేది. చల్లారితే మళ్లీ మామూలే. కార్బొరేటర్ మూడుసార్లు విప్పారు. అసలు తప్పు స్పార్క్‌ను ప్లగ్గులకు పంచే డిస్ట్రిబ్యూటర్‌లోని కండెన్సర్ అనే చిన్న భాగానిది. వేడికి అది పనిచేయడం మానేస్తోంది. ప్లగ్గు దగ్గర స్పార్క్ నీలంగా, చటుక్కున పడాల్సింది, పసుపుగా, సన్నగా పడుతోంది.

కాబట్టి వరస ఇలా పెట్టుకోండి. ముందు టాపెట్ల సందు (వాల్వుకూ దాన్ని తోసే భాగానికీ మధ్య ఖాళీ), తర్వాత కంప్రెషన్ (సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి), తర్వాత పాయింట్ల సందు (డిస్ట్రిబ్యూటర్‌లో తెరుచుకుని మూసుకునే కాంటాక్టుల మధ్య ఖాళీ), తర్వాత టైమింగ్ (స్పార్క్ పడే సమయం), అన్నీ అయ్యాకే కార్బొరేటర్. ఈ మైనర్ ఇంజిన్‌కి పాయింట్ల సందు 0.015 అంగుళం, అంటే సుమారు 0.38 మి.మీ. సందు కొలిచే పలుచటి రేకుల ఫీలర్ గేజ్ లేకుండా అంచనాగా పెట్టొద్దు. కంప్రెషన్ ఒక సిలిండర్‌లో తక్కువ వస్తే అందులో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. రీడింగ్ బాగా పెరిగితే పిస్టన్ రింగులు అరిగాయి, పెరగకపోతే వాల్వులనో గాస్కెట్‌నో చూడాలి. ఇంజిన్ విప్పాలా వద్దా అన్నది ఈ పది నిమిషాల పనే తేలుస్తుంది.

అపోహ: పాత కార్ల లైట్లు మసకగానే ఉంటాయి, ఆ కాలపు కరెంటు అంతే.

వాస్తవం: ఈ మాట వింటే నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే రాత్రి రోడ్డు మీద అది ప్రాణాల మీదికి వచ్చే విషయం. బల్బుకు అందే వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుగు సుమారు 30 శాతం పడిపోతుంది. మరి ఆ వోల్టేజి ఎక్కడ పోతోందో మల్టీమీటర్‌తో పట్టుకోవచ్చు. హెడ్‌లైట్లు వేసి ఉంచి, ఒక ప్రోబ్ బల్బు ఎర్త్ (కరెంటు బాడీ ద్వారా బ్యాటరీకి తిరిగి వెళ్లే కనెక్షన్) దగ్గర, రెండోది బ్యాటరీ ఎర్త్ టెర్మినల్ మీద పెట్టండి. 0.2 వోల్టు లోపు రావాలి. మైనర్‌కి పెయింట్ వేయించాక లైట్లు డల్ అయ్యాయి. కొలిస్తే 1.4 వోల్టులు. వెలుగులో మూడో వంతుకు పైగా అక్కడే పోతోంది. ఎర్త్ వైరు బోల్టు కొత్త పెయింట్ మీదే బిగించి ఉంది. బోల్టు తీసి, రూపాయి బిళ్లంత మేర పెయింట్ గీకి, రేకు తెల్లగా మెరిశాక బిగించి, పైన కాస్త గ్రీజు రాశాను. మీటర్ 0.1 చూపించింది. ఆ సాయంత్రం గోడ మీద పడిన వెలుతురు ఇప్పటికీ కళ్లముందుంది. దీనికి అయిన ఖర్చు ఒక గరుకు కాగితం ముక్క.

తర్వాత హెడ్‌లైట్లకు రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే స్విచ్చి) పెట్టండి. స్విచ్చి మీద భారం తగ్గుతుంది, వెలుగు ఇంకా పెరుగుతుంది. మైనర్‌లాగా పాజిటివ్ ఎర్త్ ఉన్న, అంటే బ్యాటరీ పాజిటివ్ వైపు బాడీకి కలిపిన కార్లలో రేడియో, ఎల్ఈడీ, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టే ముందు అవి ఆ ఎర్త్‌కు సరిపోతాయో లేదో చూసుకోవాలి. తిరగేసి కలిపితే క్షణంలో కాలిపోతాయి.

అపోహ: బ్రేకులు ఈరోజు పడుతున్నాయంటే ఇక చూడక్కర్లేదు.

వాస్తవం: బ్రేక్ ఆయిల్ అని పిలుస్తాం గానీ చాలా కార్లలో అది నూనె కాదు, గ్లైకాల్ ద్రవం. తగ్గింది కదా అని ఇంజిన్ ఆయిల్ పోస్తే రబ్బరు సీళ్లన్నీ ఉబ్బి పాడైపోతాయి. గ్లైకాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. బ్రేక్ ద్రవాలకుండే డాట్ 3 ప్రమాణం ప్రకారం కొత్త ద్రవం మరిగే ఉష్ణోగ్రత కనీసం 205 డిగ్రీలుంటే, తేమ చేరాక కనీసం 140 మాత్రమే. దిగువకు దిగే రోడ్డులో వరసగా బ్రేక్ తొక్కినప్పుడు ఆవిరి బుడగలు పుడితే పెడల్ నేలకు తగులుతుంది. అందుకే రెండేళ్లకోసారి మార్చండి. సిలికాన్ ద్రవమైన డాట్ 5ని గ్లైకాల్‌తో కలపకండి. పేరు దగ్గరగా ఉన్నా డాట్ 5.1 గ్లైకాల్ జాతిదే.

రబ్బరు హోసులు బయట బాగున్నా లోపల ఉబ్బుతాయి. అప్పుడు తొక్కితే బ్రేక్ పడుతుంది, వదిలితే చక్రం వదలదు. పాత కార్లలో చాలావాటికి నాలుగు చక్రాలకూ ఒకటే సర్క్యూట్. ఒక్క హోసు పగిలితే నాలుగూ పోతాయి. నన్ను అడిగితే, ఏ మెరుగుదల కంటే ముందు కొత్త హోసులు, కొత్త పైపులు, వీలైతే రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండర్ (పెడల్ ఒత్తిడిని ద్రవంలోకి పంపే భాగం).

అపోహ: హాబీయే కదా, మాస్కులూ గ్లౌజులూ ఎందుకు?

వాస్తవం: పాత బ్రేక్ షూలలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. ఆ ధూళిని కంప్రెసర్ గాలితో ఊదకండి, తడిపి తుడవండి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో శుభ్రం చేసిన రేకును వెల్డింగ్ చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టొచ్చు. హార్డెనర్ కలిపే టూ-ప్యాక్ పెయింట్లలో ఐసోసయనేట్లు ఉంటాయి. వాటికి కాగితం మాస్కు అడ్డు కాదు, బయటి నుంచి గాలి అందించే మాస్కు కావాలి. అది లేకపోతే పెయింట్ పని వేరేవాళ్లకు ఇచ్చేయండి. దయచేసి ఇందులో పొదుపు చూడకండి.

అపోహ: సీసం లేని పెట్రోలు పోస్తే పాత ఇంజిన్ పాడవుతుంది.

వాస్తవం: ఇందులో కొంత నిజముంది. 1921లో పెట్రోలులో సీసం కలిపితే ఇంజిన్ నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి మండి టకటకమనడం) తగ్గుతుందని కనుగొన్నారు. మెత్తటి వాల్వు సీట్లకు (మూసుకున్నప్పుడు వాల్వు ఆనే చోటుకు) అది రక్షణ పొరగా పనికిరావడం అదనపు లాభం. 2021 జులైలో అల్జీరియా కూడా ఆపేయడంతో రోడ్డు వాహనాలకు సీసం పెట్రోలు అమ్మే దేశం లేదు. అయినా మెల్లగా, తక్కువ దూరాలు తిరిగే కారుకు వెంటనే ముప్పేమీ లేదు. ఎగ్జాస్ట్ వాల్వుల టాపెట్ సందు ఎప్పటికప్పుడు కొలిచి రాసుకోండి. సరిచేసిన ప్రతిసారీ మళ్లీ తగ్గిపోతుంటే సీటు అరుగుతోందని అర్థం. హెడ్ విప్పినప్పుడు గట్టి సీట్లు వేయించండి. నా లెక్కలో ఇప్పుడు అంతకంటే తొందరగా చూడాల్సింది పెట్రోలులో కలిపే ఇథనాల్ గురించి: పాత రబ్బరు పెట్రోలు గొట్టాలు దానికి తట్టుకోవు. పగిలిన గొట్టం వేడి ఇంజిన్ మీద కారితే మిగిలేది మంటే.

అపోహ: వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపితే ఇంజిన్‌కు మంచిది.

వాస్తవం: ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకుండా ఆపేస్తే అందులో కొంత సైలెన్సర్‌లోనూ ఆయిల్‌లోనూ ఉండిపోతుంది. ఆయిల్ మూత కింద మీగడలాంటి జిగురు అదే. స్టార్ట్ చేస్తే కనీసం అరగంట రోడ్డు మీద నడపండి, లేకపోతే కదపకండి.

అపోహ: టైరు గాడులు లోతుగా ఉంటే చాలు. వాస్తవం: పక్కగోడ మీద నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. పదేళ్లు దాటితే గాడులు కొత్తగా ఉన్నా మార్చేయండి.

అపోహ: ఫ్యాక్టరీలో ఎలా వచ్చిందో అలాగే ఉంచాలి, మార్చడం తప్పు.

వాస్తవం: ఈ మైనర్ బానెట్ మధ్యలో నిలువునా ఒక చదునైన పట్టీ ఉంటుంది. తయారీకి దాదాపు అంతా సిద్ధమయ్యాక, డిజైనర్ అలెక్ ఇసిగోనిస్‌కు కారు సన్నగా ఉందనిపించింది. నమూనాను నిలువునా రెండుగా కోయించి, ముక్కలు ఎడంగా జరిపి చూసి, 4 అంగుళాల వెడల్పు పెంచారు. ఆ పట్టీ దాని గుర్తే. 1948లో 918 సీసీతో వచ్చిన కారుకు 1962 నాటికి ఇంజిన్ మూడుసార్లు మారి 1098 సీసీ అయింది. తయారు చేసినవాళ్లే ఆపకుండా మెరుగుపరిచిన కారును, మనం ప్రేమగా, బుద్ధిగా మెరుగుపరిస్తే తప్పేముంది?

నేను పెట్టుకున్న హద్దు ఒకటుంది: మళ్లీ పాత స్థితికి తేగలిగే మార్పులే చేస్తాను, తీసిన పార్టును పేరు రాసి దాస్తాను. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, రిలేలు, రేడియల్ టైర్లు, గట్టి ప్లేటు వెల్డింగ్ చేసి బిగించిన సీట్ బెల్టులు ఆ హద్దులోవే. పెద్ద ఇంజిన్ పెట్టి పాత డ్రమ్ బ్రేకులు అలాగే వదిలేయడం మాత్రం నేను ఒప్పుకోను.

అపోహ: ఇంజిన్ పలికింది, పెయింట్ ఆరింది, ఇక పని అయిపోయింది.

వాస్తవం: తొలి వంద కిలోమీటర్ల తర్వాత చక్రాల నట్లు, స్టీరింగ్ జాయింట్లు, స్ప్రింగు బోల్టులు మళ్లీ బిగించాలి. కొత్త పార్టులు సర్దుకునేటప్పుడు వదులవుతాయి. మొదటి నెల రాత్రిపూట కారు కింద ఒక పెద్ద అట్టముక్క పరవండి. తెల్లారి చుక్క ఎక్కడ పడిందో, ఏ రంగుదో చూడండి. నల్లనిదైతే ఇంజిన్, చిక్కగా గంధకం వాసన వస్తే వెనక యాక్సిల్, రంగుగా తీపి వాసనతో ఉంటే రేడియేటర్. చక్రం లోపలివైపు లేత పసుపు తడి కనిపిస్తే అది బ్రేక్ ఆయిల్. అలాంటి రోజు కారు బయటికి తీయకండి.