మేయో, వెజ్జీ, బర్గర్: ఇంగ్లీషులో తిండి పేర్లు కురచబారిన చరిత్ర

ఇంగ్లీషు వంటల రచనల్లో మేయనేజ్‌ను మేయో అని, వెజిటబుల్స్‌ను వెజ్జీస్ అని, బ్రేక్‌ఫాస్ట్‌ను బ్రెక్కీ అని, అవకాడోను అవో అని రాయడం చూసి నొచ్చుకునేవారు ఆ భాష మాట్లాడే దేశాలన్నింటిలోనూ ఉన్నారు. పూర్తి మాట ఉండగా దాన్ని సగానికి తెగ్గొట్టడం బద్ధకమనీ, పసిపిల్లల ముద్దుపలుకులు పెద్దల నోట ఎబ్బెట్టుగా ఉంటాయనీ, ఇదంతా ఫోన్లలో పొట్టి సందేశాలు పంపుకునే కాలం తెచ్చిన చేటనీ వారు అంటారు. మొదటి రెండూ ఎవరి అభిరుచి వారిది కాబట్టి వాటితో తగవు లేదు. మూడోది చరిత్రకు సంబంధించిన మాట, అది నిజం కాదు.

ఈ ఫిర్యాదు వయసే మూడు వందల ఏళ్లు దాటింది. 1710 సెప్టెంబరులో రచయిత జొనాథన్ స్విఫ్ట్ లండన్ పత్రిక ‘టాట్లర్’లో రాస్తూ, తన కాలపు జనం మాటల తొలి భాగాన్ని మాత్రమే ఉంచుకుని మిగిలినదాన్ని నరికేస్తున్నారని మండిపడ్డాడు. నిలకడలేని జనసమూహం అని అర్థమిచ్చే ‘మొబిలే వల్గస్’ అనే లాటిన్ పదబంధం ‘మాబ్’గా, ‘రెప్యుటేషన్’ ‘రెప్’గా, ‘పాజిటివ్’ ‘పాజ్’గా మారడం ఆయనకు మింగుడుపడలేదు. ‘మాబ్’ను ఆపడానికి కొన్నేళ్లుగా చేతనైనంతా చేశాననీ, జనం సంఖ్య ముందు నిలవలేకపోయాననీ ఆయనే ఒప్పుకున్నాడు. నేడు ‘మాబ్’ మర్యాదైన నిఘంటు పదం. ‘పాజ్’ ఎవరికీ గుర్తులేదు. ఏది నిలుస్తుందో, ఏది రాలిపోతుందో ఆనాడు ఎవరూ చెప్పగలిగే స్థితిలో లేరు.

స్విఫ్ట్ జాబితాలో తినేవీ తాగేవీ లేవు గానీ, అదే లండన్‌లో అవే ఏళ్లలో ఒక పానీయం పేరు జనం నోట్లో అరిగిపోతూ ఉంది. జూనిపర్ కాయల వాసన పట్టించిన డచ్చి మద్యాన్ని మొదట ‘జెనీవర్’ అనే పేరుతో పిలిచేవారు. 1714లో రచయిత బెర్నార్డ్ మాండవిల్ ఈ మద్యాన్ని దుయ్యబడుతూనే దాని పేరు గురించి ఒక వాక్యం రాశాడు: తరచుగా వాడటం వల్లా, మాటల్లో పొదుపు కోరే జాతి స్వభావం వల్లా ఒక మోస్తరు నిడివి ఉన్న మాట ఏకాక్షరానికి కుంచించుకుపోయి ‘జిన్’ అయిందని ఆ వాక్యం సారాంశం. ఈ విషయం మీద వచ్చిన మాటల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఇదే, ఎందుకంటే ఒక పదం కురచబారుతున్నప్పుడే దాన్ని గమనించి, కారణం కూడా చెప్పిన సందర్భాలు అరుదు. ఆయన చెప్పిన మొదటి కారణాన్నే రెండు శతాబ్దాలు గడిచాక, 1930లలో, అమెరికా భాషావేత్త జార్జ్ జిఫ్ లెక్కలతో నిరూపించాడు. ఏ భాషలోనైనా ఎక్కువగా వాడే మాటలు పొట్టివిగా ఉంటాయనీ, వాడకం పెరిగిన కొద్దీ పొడుగు మాట కుదించుకుపోతుందనీ ఆయన చూపించాడు. రోజూ నోటికి వచ్చే మాటల్లో తిండి పేర్లు ముందుంటాయి కాబట్టి కత్తిరింపు వాటి మీద ఎక్కువగా పడటంలో ఆశ్చర్యం లేదు.

జిన్ ఒక్కటే కాదు, ఆ వరుసలోని సీసాలన్నింటి మీదా ఇలాంటి చరిత్రే ఉంది. ‘బ్రాందీ’ అనేది కాచి దించిన ద్రాక్షసారా అని అర్థమిచ్చే డచ్చి మాట ‘బ్రాండెవైన్’లోని ముందు భాగం. ‘విస్కీ’ స్కాట్లండ్, ఐర్లండ్ దేశాల గేలిక్ భాషల్లో ‘జీవజలం’ అని అర్థమిచ్చే రెండు మాటల పేరు నుంచి వచ్చింది. కుదింపులో జీవం అనే మాట పోయి జలం అనే మాట నిలిచింది. ఇక ‘గ్రాగ్’ కథ వీటన్నిటికంటే మెలికలు తిరిగినది. బ్రిటిష్ నౌకాదళంలో నావికులకు రోజూ అర పైంటు రమ్ము నేరుగా పోసేవారు. తాగి తూలిపడే నావికులతో విసిగిన వైస్ అడ్మిరల్ ఎడ్వర్డ్ వెర్నన్ 1740 ఆగస్టులో, జమైకాలో ఉండగా, ఆ అర పైంటుకు ఒక క్వార్టు నీళ్లు, అంటే నాలుగింతలు, కలిపి రోజుకు రెండు విడతలుగా ఇవ్వాలని ఆజ్ఞ జారీ చేశాడు. వెర్నన్ ఎప్పుడూ ‘గ్రాగ్రమ్’ అనే ముతక గుడ్డతో కుట్టిన అంగీ వేసుకునేవాడు కాబట్టి నావికులు ఆయనను ‘ఓల్డ్ గ్రాగ్’ అనేవారు. గుడ్డ పేరును కత్తిరించి మనిషికి పెట్టారు, మనిషి పేరును తీసుకెళ్లి ఆయన పలుచన చేసిన రమ్ముకు పెట్టారు. 1970 జూలై 31న నౌకాదళం రమ్ము పంపిణీనే ఆపేసింది. గ్రాగ్ అనే మాట మాత్రం నిలిచింది.

కొన్ని కుదింపులు పొరపాటున జరిగాయి. బఠాణీకి పాత ఇంగ్లీషు మాట ‘పీజ్’, అది ఏకవచనమే. చివరి ‘జ్’ ధ్వని బహువచన ప్రత్యయంలా వినిపించడంతో, ఒక్క గింజను ‘పీ’ అనాలని జనం తమంతట తాము నిర్ణయించుకున్నారు. పిల్లల పాటలోని ‘పీజ్ పోరిడ్జ్’లో పాత రూపం ఇంకా బతికే ఉంది. నార్మన్ ఫ్రెంచి ‘చెరీజ్’ నుంచి ‘చెర్రీ’ పుట్టినదీ ఇదే దారిలో. స్పెయిన్‌లోని హెరెస్ పట్టణపు ద్రాక్షసారాను షేక్‌స్పియర్ పాత్ర ఫాల్‌స్టాఫ్ ‘షెర్రిస్’ అనే పొగుడుతాడు. ఆ తరవాతి తరాలు చివరి ధ్వనిని బహువచనమనుకుని తీసేసి ‘షెర్రీ’ చేశాయి. కురచ మాటలను ఈసడించేవారు కూడా వీటిని ఏ సంకోచమూ లేకుండా వాడతారు, ఎందుకంటే పూర్తి రూపం జ్ఞాపకంలో లేనప్పుడు కోత కనిపించదు.

‘బర్గర్’ది కూడా పొరపాటు కోతే, అయితే దాని ఫలితం చాలా పెద్దది. హాంబర్గ్ అనే జర్మన్ నగరం పేరుకు ‘ఆ ఊరిది’ అని సూచించే ‘అర్’ చేరి ‘హాంబర్గర్’ అయింది. పంతొమ్మిదో శతాబ్దం చివరలో అమెరికాలో దాన్ని ‘హాంబర్గర్ స్టేక్’ అనేవారు, అది తరిగిన గొడ్డుమాంసం. మొదట ‘స్టేక్’ రాలిపోయింది. తరవాత జనం చెవికి ఆ మాటలో పంది తొడమాంసాన్ని సూచించే ‘హామ్’ వినిపించింది, కాబట్టి మిగిలిన ‘బర్గర్’ ఏదో వేరే మాట అయి ఉండాలనుకున్నారు. మాట తప్పు చోట విరిగింది. 1930లలో ‘చీజ్‌బర్గర్’ వచ్చేనాటికి ‘బర్గర్’ దేనికైనా అతికించగల ప్రత్యయమైపోయింది. నగరం పేరులోని ‘హాం’కు పంది మాంసంతో సంబంధం లేదు. విరవవలసి వస్తే ‘అర్’కు ముందు విరవాలి.

బంగాళాదుంపల దగ్గర కోత రెండు దేశాల్లో రెండు చోట్ల పడి నేటికీ తికమక పెడుతోంది. అమెరికాలో ‘ఫ్రెంచ్ ఫ్రైడ్ పొటాటోస్’ మొదట ‘ఫ్రెంచ్ ఫ్రైస్’ అయి, చివరకు ‘ఫ్రైస్’గా మిగిలింది. బ్రిటన్‌లో అవే ముక్కలను ‘చిప్స్’ అంటారు. అమెరికన్లకు ‘చిప్స్’ అంటే ‘పొటాటో చిప్స్’కు కుదింపు, అంటే పలుచని కరకరలాడే బిళ్లలు, వాటినే బ్రిటన్‌లో ‘పొటాటో క్రిస్ప్స్’ను కుదించి ‘క్రిస్ప్స్’ అన్నారు. పొటాటో అనే మాట ఉన్నంతకాలం అర్థం ఊహకు అందేది. అది పోయాక ఏ దేశంలో కూర్చుని అడుగుతున్నామో తెలియాలి.

‘మేయో’, ‘బిఎల్‌టి’ అనే సాండ్‌విచ్ పేరు వంటివి అమెరికా లంచ్ కౌంటర్లలో బాగా వ్యాపించాయి. అక్కడ ఆర్డరు తీసుకునే మనిషి అరచేయంత కాగితం మీద రాసి, వంటవాడికి వినపడేలా కేక వేయాలి. బేకన్, లెట్యూస్, టొమాటో అని ప్రతిసారీ రాయడం కంటే మూడు పొడి అక్షరాలు నయం, అందులోనూ వెనుక వరుస కట్టిన వారు మధ్యాహ్నపు విరామంలో తినేసి పనికి తిరిగి వెళ్లవలసినవారైనప్పుడు. దీన్ని బద్ధకమనడం ఆ పని ఎన్నడూ చేయనివారి మాటగా నాకు అనిపిస్తుంది.

బ్రెక్కీ వంటి మాటల చరిత్ర వేరు, ఇక్కడ కోతతో పాటు తోక కూడా చేరుతుంది. పంతొమ్మిదో శతాబ్దం చివర ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు మాటను కత్తిరించి ‘అర్’ తగిలించేవారు. రగ్బీ ‘రగ్గర్’ అయినట్టే బ్రేక్‌ఫాస్ట్ ‘బ్రెకర్’ అయింది. సంపన్నుల పిల్లల ఆ వేడుక పోయి ‘బ్రెక్కీ’ మిగిలింది. సాండ్‌విచ్‌ను ‘సార్నీ’ అనడం బ్రిటన్‌లో ఇంటి మాట. ఆస్ట్రేలియాలో ఈ పద్ధతి భాష నడకలోనే కలిసిపోయింది: బిస్కెట్ ‘బిక్కీ’, చాక్లెట్ ‘చాకీ’, బార్బెక్యూ ‘బార్బీ’, అవకాడో ‘అవో’. అక్కడ పూర్తి పేరు పలకడం తప్పేమీ కాదు, కాకపోతే ఎదుటివారిని కాస్త దూరంగా నిలిపినట్టు ఉంటుంది. మెక్‌డొనాల్డ్స్ సంస్థ 2013 జనవరిలో ఆస్ట్రేలియాలోని కొన్ని శాఖల బోర్డుల మీద జనం వాడే ‘మ్యాకాస్’ అనే పేరే రాయించింది.

వ్యాపార సంస్థలు మొదటి నుంచీ ఇంత ఉదారంగా లేవు. కోకకోలాను జనం ‘కోక్’ అనడం మొదలుపెట్టినప్పుడు, పొట్టి పేరు నకిలీలకు తలుపు తీస్తుందని సంస్థ భయపడి, పూర్తి పేరుతోనే అడగమని ప్రకటనలిచ్చింది. భయం ఉత్తదేమీ కాదు. వేరొక సంస్థ ‘కోక్’ అనే ఉచ్చారణకే మరో స్పెల్లింగు పెట్టి పానీయం అమ్మింది. ఆ వ్యాజ్యం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1920 డిసెంబరులో న్యాయమూర్తి ఆలివర్ వెండెల్ హోమ్స్ కోకకోలా పక్షాన తీర్పు రాశారు. అంత జరిగినా, జనం నోటి పేరును సంస్థ తన ప్రకటనల్లోకి తీసుకున్నది 1941లో, ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించినది 1945లో.

ఇలా కుదించిన మాటల్లో ఒకటి మాత్రం కావాలని, ఆలోచించి చేసినది. 1944 నవంబరులో ఇంగ్లండ్‌లో డొనాల్డ్ వాట్సన్, పాలూ గుడ్లూ కూడా తినని శాకాహారులకు వేరే పేరు కావాలని వెతికి, ‘వెజిటేరియన్’ అనే మాటలో తొలి మూడు అక్షరాలూ చివరి రెండు అక్షరాలూ తీసుకుని ‘వీగన్’ అని పెట్టాడు. ఇక్కడ మాటతో పాటు అర్థం కూడా తెగి వేరైంది; వీగన్‌ను వెజిటేరియన్ అని విడదీసి చెబితే తప్పవుతుంది. ‘వెజ్జీ’కి ఆ అదృష్టం పట్టలేదు. అమెరికాలో అది కూరగాయ. బ్రిటన్‌లో ఎక్కువగా శాకాహారి, లేదా శాకాహారమైన వంటకం. ‘వెజ్జీ బర్గర్’ అనే పేరులోని రెండు మాటలూ కోతకు గురైనవే. కురచ మాటలు వద్దనేవారి కోరిక మేరకు రెండింటినీ పూర్తిగా విప్పితే ‘వెజిటేరియన్ హాంబర్గర్ స్టేక్’ అని రాయాలి, అప్పుడు ఆ పళ్లెంలో లేని మాంసం పేరు మళ్లీ పళ్లెంలోకి వచ్చి చేరుతుంది.